చివరి బెంచీకి వినబడాలి

జూన్ 20
మా గర్ల్స్ స్కూల్ నర్సు అక్క నన్ను మా క్లాసుకి హెల్త్ లీడర్ని చేసింది. నా తెలివి చూసి కాదు, గొంతు చూసి. చివరి బెంచీ దాకా వినబడుతుందట. శుక్రవారం ఆఖరి గంట నాదే. రూల్ ఒక్కటే: పెద్దవాళ్లలా పాఠం చెప్పకూడదు, ముందు మన సంగతి చెప్పాలి. అప్పుడే మిగతావాళ్లు నోరు విప్పుతారట.
హమ్మయ్య, ఇకనైనా ఎవరో ఒకరు నాతో మాట్లాడతారు.

జూన్ 27
మొటిమలు. టూత్‌పేస్ట్ రాసుకుని నుదురు కాల్చుకున్న కథ చెప్పా. పడీపడీ నవ్వారు. వాలీబాల్ ఆడే పొడుగుది మాత్రం, డాక్టరమ్మా ఫీజెంత అని వెనకనుంచి వెక్కిరించింది.
తర్వాత బాత్రూం దగ్గర ముగ్గురు ఆపి గుసగుసగా ఏవేవో అడిగారు. లంచ్‌కి మాత్రం నా బెంచీకి ఒక్కరూ రాలేదు.

జులై 2
వచ్చే టాపిక్ నెలసరి. చచ్చాను.
పదహారు నిండాయి, నాకింకా మొదలవలేదు. అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. అదే వస్తుందిలే, నోటికి తాళం వెయ్ అంటుంది. అందుకే నెలకోసారి కడుపునొప్పి నటిస్తా. దగ్గరైతే అడుగుతారని దూరంగా కూర్చుంటా. నర్సు అక్క ఇచ్చిన ట్రైనింగ్ పుస్తకంలో ఏమో, పదిహేను దాటినా రాకపోతే డాక్టర్‌కి చూపించాలని ఉంది. ఆ ముక్క నేనే చెప్పాలి! దీపం కిందే చీకటి అంటే ఇదే.

జులై 4, సాయంత్రం
అబద్ధం బట్టీపట్టి వెళ్లా. పదమూడో ఏడు, తెల్ల స్కర్టు, ఏడుపు. అన్నీ ఉన్నాయి. తీరా నోరు తెరిస్తే నా మాట ముందు బెంచీ కూడా దాటలేదు. చివరి బెంచీకి వినబడట్లేదని పొడుగుది అరిచింది. ఒళ్లు మండిపోయింది. నాకింకా రాలేదు, వినబడిందా అని నేనూ అరిచేశా.
ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బెల్ కొట్టారు, వెళ్లిపోయారు. బోర్డు తుడుస్తూ ఏడ్చా.

జులై 5
ఎవరూ మాట్లాడలేదు. చెప్పేశానని తెలిసి అమ్మ కూడా.

జులై 7
పొడుగుది లంచ్ డబ్బా తెచ్చి నా బెంచీ మీద ధన్‌మని పెట్టింది. జరగమంది. జరిగా. సగం తిన్నాక, తల ఎత్తకుండా, తనకీ రాలేదంది. ఎవర్నీ అడగలేకపోయిందట. ఆరోజు అరిచింది వెక్కిరించడానికి కాదట, నిజంగానే వినబడక.
ఇంత పొడుగు మనిషి, అంత చిన్న గొంతుతో చెప్పింది.

జులై 10
మేం వెళ్లి చెప్తే, నర్సు అక్క మా ఇద్దరి అమ్మల్నీ ఒప్పించింది. లీడర్‌వి కదా అని డాక్టర్ గదిలోకి ముందు నన్నే తోసి, తను బయట కూర్చుంది పొడుగుది.
అంతా చెప్పా. ఎందుకలా అరుస్తున్నావని అడిగింది డాక్టర్.
బయట చివరి కుర్చీలో ఒకరున్నారని చెప్పా.