మన ఇంటి తేనెటీగకు

అత్తయ్యా,

డ్యూటీకి ముందే రమ్మన్నారు, వెళ్తున్నా. స్ట్రాబెర్రీ తొట్టిలో గీత దాకా నీళ్లు పోయండి. ఎరువు మందు నేను కలిపేశాను, మీరు మళ్లీ కలపకండి. లైటు ఆపినా పక్క స్విచ్చు మాత్రం ముట్టుకోకండి, అది వేళ్లకు నీళ్లు తిప్పే పంపుది. నిన్న ‘పాపం, దానికీ కాస్త విశ్రాంతి’ అని ఆపేశారు. గంటలో ఆకులన్నీ వాలిపోయాయి.

కీబోర్డు దులపడానికి నా ఐషాడో బ్రష్ తీశారని వారంగా మీ అబ్బాయిని సాధిస్తున్నాను. పొద్దున అది మీ కళ్లజోడు డబ్బాలో దొరికింది, నిండా పసుపుపచ్చ పుప్పొడితో! ఇంట్లోకి తేనెటీగలు రావని, పువ్వు పువ్వుకీ మీరే తిప్పారన్నమాట. ‘మట్టి లేని మొక్క ఏం కాస్తుందే’ అన్నది కూడా మీరే.

జ్వరంతో నేను మంచం దిగని మూడు వారాల్లో ఆ మొక్కల మీద ఆశ వదిలేసుకున్నాను. మీరు నన్నూ చూశారు, వాటినీ చూశారు, ఒక్క మాటైనా చెప్పలేదు.

మొదటి పండు కొయ్యకుండా ఉంచాను. మీరే కోసుకుని తినండి. ‘నాకు పులుపు పడదు’ అంటూ నా కోసం దాచారో, ఊరుకోను.

మీ కోడలు

తా.క. మీ అబ్బాయికి సాయంత్రం సారీ చెబుతాలెండి. బ్రష్ మళ్లీ మీ డబ్బాలోనే పెట్టేశాను. పై వరసలో నాలుగు పువ్వులు విచ్చాయి.