లార్డుగారి అబ్బాయికి

ఎడ్మండ్ గారూ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్న మా కాపెల్ ఊరంతా పొగమంచు. మా తెలుగు చర్చి మబ్బులో తేలుతున్నట్టు కనిపించింది.

ఇంగ్లండులో మీ నాన్నగారు పేరుమోసిన లార్డు. ఎక్కడికి వెళ్లినా అందరూ ఆయన కబుర్లే అడిగేవారని, మీ పేరు అడిగినవాళ్లే లేరని ఒకసారి చెప్పారు. అందుకే ఇంత దూరం వచ్చి, భాష తెలియకపోయినా మా పాటలకు కలలో ఉన్నట్టు కళ్లు మూసుకుని పియానో వాయించేవారు.

ఇవాళ ఆరాధన అయ్యాక, మీ వర్ధంతి గురించి రాయడానికి లండన్ విలేఖరి ఒకాయన వచ్చి, మా అమ్మాయికి మీ నాన్నగారి ఫొటో చూపించి, ఎవరో తెలుసా అని అడిగాడు. అది కాసేపు అలాగే చూసి, నావైపు తిరిగింది.

“మమ్మీ, ఈ తాత ఎవరో తెలీదు. బట్ సేమ్ ఎడ్మండ్ అంకుల్‌లాగే స్మైల్ చేస్తున్నాడు!”

మీ నాన్నగారిలో మీ పోలిక గుర్తుపట్టిన మనిషి ఇదివరకు ఎవరైనా ఉన్నారా?