పారుదల పెంచితే

మార్చి 3, మంగళవారం

ఇవాళా అంతే. అద్దం మీద ఎర్రరక్తకణాలు పరిచి, పంపుతో పైనుంచి బ్యాక్టీరియా నీళ్లు వదిలాను. వచ్చినవి వచ్చినట్టే జారిపోయాయి. వేగం పెంచినా అదే తంతు. అక్క మాత్రం మూడేళ్లుగా దీనికి తలకిందులుగా చెబుతోంది. నీళ్లు ఎంత జోరుగా పారితే బ్యాక్టీరియా కణాన్ని అంత గట్టిగా పట్టుకుంటుందట. ఆమె థీసిస్ మొత్తం దీని మీదే నిలబడింది. అక్కంటే సొంత అక్క కాదు, ల్యాబ్‌లో సీనియర్. నాకు మైక్రోస్కోపు చూడటం నేర్పింది తనే.

నమ్మకం కుదరక మా గైడు సారు నన్ను మళ్లీ చేసి చూడమన్నారు. నా అంకెలు చూసి, జోరుగా నీళ్లు పోస్తే గిన్నెకంటిన పిండి ఊడుతుందా, అతుక్కుంటుందా, ఆ మాత్రం ఇంగితం లేదా దానికి అన్నారు. నేను నవ్వాను. ఎందుకు నవ్వాను?

మార్చి 6

పదకొండోసారి. ఒక్కటీ ఆగలేదు. అక్క అంకెలు కల్పించిందని సారు కమిటీకి లెటర్ పంపేశారు. పదహారున తేలుస్తారు. నిజమని తేలితే ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు. ఈ ప్రయోగం మీద రాసే పేపరు ఇక నా పేరు మీదేనట. సంతోషంగా ఉంది. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఉంది.

మార్చి 7

అక్క బల్ల ఖాళీ చేసి వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మార్చి 11, మధ్యాహ్నం మూడు

రాస్తే మనసు కుదుటపడుతుందేమో.

రోజూ రెండు నిమిషాలు చూసి పంపు ఆపేస్తాను. ఇవాళ ఆపడం మరిచి టీకి వెళ్లాను. ఐదు మిల్లీలీటర్ల సిరంజి, నిమిషానికి ఒక మిల్లీలీటరు. ఐదు నిమిషాల్లో ఖాళీ కావాలి. పది నిమిషాలకు తిరిగొచ్చి చూస్తే సగం కూడా దిగలేదు!

సెట్టింగ్స్ తెరిచాను. సిరంజి సైజు యాభై మిల్లీలీటర్లని ఉంది. ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేశారు. నేను ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. ఆ లావు గొట్టం అడ్డుకోత వైశాల్యం దీనికి ఐదింతలు, అందుకే పంపు అంత మెల్లగా నెడుతోంది. నేను జోరనుకున్నదంతా అందులో ఐదోవంతు. నత్తనడక.

సరిచేసి వదిలాను. బ్యాక్టీరియా కణాలను కరుచుకుని కూర్చుంది. పెంచినకొద్దీ ఇంకా.

సాయంత్రం ఆరు

ఎవరికీ చెప్పలేదు. మెట్లు దిగాను, ఎక్కాను, మళ్లీ దిగాను. ఊడ్చే ఆవిడ ఏం పోగొట్టుకున్నావు తల్లీ అంది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నాకు తెలుస్తుంది. అదే కదా దరిద్రం.

మార్చి 12

అమ్మకు ఫోన్ చేసి అంతా కక్కేశాను. నీ పరువుకేమొచ్చిందే, పోయినా నాలుగు రోజులకు అదే తిరిగొస్తుంది, ఆ పిల్ల మూడేళ్లు ఎవడు తెచ్చిస్తాడు అంది.

మార్చి 13

సారుకు చెప్పాను. లెటర్ వెనక్కి తీసుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను, కమిటీ అయ్యాక నిదానంగా చూద్దాంలే అన్నారు. అయ్యాక చూసేదేముంది, నా బొంద!

అక్కకు తొమ్మిదిసార్లు ఫోన్. ఎత్తలేదు. తప్పు నాది అని మెసేజ్ పెట్టాను.

మార్చి 16

పిలవకపోయినా వెళ్లాను, పంపు చంకన పెట్టుకుని. కమిటీ బల్ల మీద పెట్టి, పాత సెట్టింగ్‌తోనే సిరంజి బిగించి, గడియారం చూడమన్నాను. ఐదు నిమిషాలకు ఒక్క మిల్లీలీటరు దిగింది. ఒక పెద్దావిడ, పదకొండుసార్లు చేశావు కదమ్మా, ఒక్కసారైనా సైజు చూడాలనిపించలేదా అని అడిగారు. లేదని చెప్పాను.

రద్దు ఆగింది. సారు నావైపు చూడలేదు. పేపరులో నా పేరుండదు. ఏడుపొచ్చింది. వెంటనే ఆకలి కూడా వేసింది.

మార్చి 17

అక్క వీడియో కాల్. హలో లేదు, గిలో లేదు. మైక్రోస్కోపు స్క్రీన్ చూపించు అంది. చూపించాను. పారుదల పెంచు అంది. పెంచాను. ఇంకా అంది. ఒక్కటీ ఊడలేదు. అవతల ముక్కు చీదిన చప్పుడు. పంపు ఆపనా అక్కా అన్నాను.

ఆపితే చంపుతానంది.