నేపాల్‌లో వంగిన గోడ

ఏమండీ,

రేపు మీ ఆబ్దికం. మన కావ్య ఈ రాత్రికి రావలసింది, రావడం లేదు. మీ తిథికి మనవలు ఎవరూ తప్పకూడదని నేను పెట్టిన నియమాన్ని నేనే సడలించాను.

నెల రోజులుగా అది నేపాల్‌లో ఉంది. భూకంపంలో ఇల్లు కూలిన ఒక కుటుంబానికి కొత్త ఇల్లు కట్టడంలో జీతం లేకుండా సాయపడుతోంది. ఉదయం ఫోన్ చేసింది.

"అవ్వా, నేను కట్టిన గోడ వంగుండాది. పూత పూస్తే కనపడదంటారు నాతో పనిచేసేవాళ్ళు. మధ్యాహ్నం అందరం బయలుదేరాల. ఏం చేసేది?"

బెంగళూరులో మీరు కట్టిన ప్రతి ఇంట్లోనూ ఒక రాత్రి పడుకున్నాకే యజమానికి తాళం ఇచ్చేవారు. అదే అడిగాను.

"ఆ గోడ పక్కన నువ్వు పండుకుంటావా?"

"పండుకోలేనవ్వా."

"అయితే పడగొట్టు. మళ్ళీ కట్టి రా."

"ఇంటామెకు ఎట్ల చెప్పేది? పొయ్యి కూడా తెచ్చి పెట్టుకుండాది."

"కట్టింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే."

ఫోన్ పెట్టగానే మన అబ్బాయి, కావ్య నాన్న, నా మీదికి వచ్చాడు. "అందరూ వచ్చేస్తా ఉంటే, బిడ్డను ఒక్కదాన్నే ఆడ వదిలేస్తావామ్మా?"

వడలకు ఏరిన మినప్పప్పునే మళ్ళీ ఏరుతూ కూర్చున్నాను. ఆ ఇంటివాళ్ళు కావ్య మీద మండిపడితే? భూమి మళ్ళీ కదిలితే?

సాయంత్రం ఫోన్ మోగింది.

"ఇంటామె ఏమనింది?"

"ఏమీ అనలేదవ్వా. నా చేతిలో సుత్తి తీసుకుని, మొదటి దెబ్బ ఆమే కొట్టింది."