పెద్దలు ఆగని గుమ్మం

ఫిబ్రవరి 11, మంగళవారం

ముందు అందరి ఆరోగ్యాలు. నా బీపీ నూట అరవై దగ్గర ఉంది. మోకాళ్ళు వాన సంగతి రేడియో కంటే ముందే చెబుతున్నాయి. మనవరాలు షెరిడాకు దగ్గు తగ్గిందట, తగ్గిందని తను అంటోంది కానీ నేను నమ్మలేదు. షెరిడాతో కలిసి ఉండే సుమార్నికి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు, కళ్ళ కింద నలుపు. పక్కింటి వోనీకి షుగర్ పెరిగింది, కొబ్బరి కేకు మాత్రం మానదు. సంఘ పెద్ద ఎమిల్‌కు కంటి ఆపరేషన్ బాగా జరిగిందట. పాస్టరు గారు చిన్నవాడు, ఆయనకేమీ లేదు, భార్యే నీరసంగా కనిపిస్తోంది. పిల్లి బాగుంది.

ఇలా రాసుకోమన్నది సుమార్ని. నర్సు కదా. మనసులో తిప్పుకుంటూ కూర్చుంటే బీపీ ఎలా దిగుతుంది ఓమా, కాగితం మీద పెట్టెయ్యి అంది. షెరిడా నన్ను ఓమా, అంటే అవ్వా, అంటుంది కాబట్టి తనూ అదే అంటుంది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులు పట్టేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 12

వాన. పైకప్పు రేకు ఎగిరిపోతుందని భయపడ్డాను. ఎగరలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పెద్దలు ఇళ్ళు తిరగడం మొదలైంది. ఈస్టరు వారంలో ప్రభువు బల్ల ఉంటుంది, సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటాం, దానికి ముందు పెద్దలు ఇంటింటికీ వచ్చి కూర్చోవాలి. ఎవరితోనైనా తగువుందా, మనసులో ఏమైనా ఉందా అని అడుగుతారు. ప్రార్థన చేస్తారు, అల్లంతో చేసిన జింజర్ బీరు తాగి వెళ్తారు. నా చిన్నప్పటి నుంచీ ఇంతే. పెద్దలు ఆగని ఇల్లు బల్ల దగ్గరికి రాకూడదని ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

షెరిడా వాళ్ళు వరండాలో కుర్చీలు వేశారట. జగ్గు మీద తెల్ల గుడ్డ కప్పారట. పెద్దలు ఇటు పక్కింటికి వెళ్ళారు, తర్వాత అటు పక్కింటికి వెళ్ళారు. మధ్యలో ఇల్లు లేనట్టే నడిచారు. ముందు ఎమిల్, తల మీద టోపీ.

వోనీ వచ్చి చెప్పింది ఇదంతా. ఎమిల్ కంటి ఆపరేషన్ బాగా జరిగిందన్నావు, మరి అంత ఇల్లు ఎలా కనపడకుండా పోయిందమ్మా, డాక్టరు డబ్బులు వెనక్కి ఇచ్చెయ్యాలి అంది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకో నాకు తెలుసు. మొన్న నవంబర్‌లో షెరిడా, సుమార్ని ఇద్దరూ పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, చర్చిలో మా పెళ్ళికి దీవెన ఇవ్వండి అని అడిగారు. దాచుకోకుండా అడిగారు. పెద్దల సభ కుదరదంది. ఆ తర్వాత వారమే షెరిడాను చర్చి బ్యాండులో ట్రంపెట్ తిరిగి ఇచ్చెయ్యమన్నారు. పన్నెండేళ్ళ వయసు నుంచి వాయిస్తోంది. ఇచ్చేసింది. తుడిచి మరీ ఇచ్చింది.

సాయంత్రం ఫోన్ చేశాను. షెరిడా గొంతు మామూలుగానే ఉంది. బల్ల రోజు వరకూ చూస్తాను ఓమా, ఈలోపల వాళ్ళు రాకపోతే ఇక ఆ మెట్లెక్కను, నువ్వు పోయినా బయట రోడ్డు మీదే నిలబడతాను అంది. నేను పోవడం గురించి అంత మామూలుగా మాట్లాడింది. 

ఫిబ్రవరి 24, ఉదయం

నిద్ర పట్టక పాతవి గుర్తు చేసుకుంటున్నాను. పాతవైతే భయపెట్టవు, ఎలా ముగిశాయో తెలుసు కదా.

నన్ను పెంచింది మా పెద్దమ్మ కొర్నేలియా. ఆవిడ మనిషి జోసెఫీన్. మా వీధిలో మాటీ అనేవారు. అంటే స్నేహితురాలు, భర్తకంటే కొంచెం ఎక్కువ. జోసెఫీన్ భర్త బంగారం పనికి అడవిలోకి వెళ్ళి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు, వచ్చినా కుర్చీలో చుట్టంలా కూర్చునేవాడు. ఆ జోసెఫీన్ కొడుకే ఎమిల్. తల్లీకొడుకులు వాళ్ళింట్లో కంటే మా ఇంట్లోనే ఎక్కువ ఉండేవారు.

ఈస్టరు తెల్లవారుజామున బ్యాండు సమాధుల దగ్గరికి బయల్దేరేది, వెనకే సంఘమంతా నడవాలి. ఎమిల్ నిద్ర లేచేవాడు కాదు. జోసెఫీన్ ఒక కాలికి, పెద్దమ్మ ఒక కాలికి బూట్లు తొడిగేవారు. వాడు కూర్చునే నిద్రపోయేవాడు. లేసులు ఎవరివి ముందు అయ్యాయని ఇద్దరూ పందెం. ఓడినావిడ ఆ వారం ఇద్దరి బట్టలకూ గంజి పెట్టాలి. ఇద్దరి గంజి బట్టలూ నడిస్తే చప్పుడు చేసేవి. ఆ చప్పుడు వెనకే నేను నడిచేదాన్ని.

అప్పటి పాస్టరు గారు మా ఇంట్లో ఆదివారం భోజనానికి వచ్చేవారు. కోడిమాంసం పెట్టి కాల్చే పోమ్ రెండోసారి వడ్డించమని ఆయనే అడిగేవారు. ఆయనకు తెలియదా. ఆ ఇంట్లో మంచాలు ఎన్నో ఆయనకు తెలుసు.

మార్చి 2, ఆదివారం

కేకు చేసుకుని పాస్టరు గారింటికి వెళ్ళాను. దారిలో మూడుసార్లు వెనక్కి తిరగాలనిపించింది. తిరిగితే కేకు ఎవరు తింటారు.

ఆయన మంచివాడు. అమ్మా, నా మనసు మీతోనే ఉంది అన్నాడు. నాకు కోపం వచ్చింది. కోపం రావడం చూసి నాకే భయం వేసింది. మనసొక్కటే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోదు పాస్టరు గారూ, మీరు కూడా వెళ్ళాలి అన్నాను. ఆయన తల దించుకుని కేకు తిన్నాడు. తర్వాత చెప్పాడు. ఎమిల్ గారు ఒప్పుకుంటే మిగతా పెద్దలు నోరెత్తరట. ఎమిల్ గారు ఒప్పుకోకుండా తను వెళ్తే సభ రెండుగా చీలుతుందట. భార్యకు నెల తప్పిందట, అందుకే నీరసం. హమ్మయ్య.

మార్చి 6

పదహారున నాకు ఎనభై నిండుతాయి. పెద్ద పుట్టినరోజు. తెల్లవారే బ్యాండు వస్తుంది, ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన ఉంటుంది, పాస్టరు గారు, పెద్దలు అందరూ రావాలి. ఎమిల్ రాకుండా ఉండలేడు, నాతో కలిసి పెరిగినవాడు. షెరిడా ఏమో ఎమిల్ ఉంటే నేను రాను అంటోంది.

ఎనభై ఏళ్ళు బతికి పుట్టినరోజంటే భయపడుతున్నాను.

దర్జీ నా కొలతలు, కొలతకు పిల్లలిద్దరి పాత గౌన్లు తీసుకుని వెళ్ళాడు.

మార్చి 13

షెరిడా వస్తానంది. సుమార్ని ఒప్పించింది. ఎలా అని అడగలేదు.

మార్చి 16, ఉదయం

చీకటి ఉండగానే కిటికీ కింద బ్యాండు మొదలైంది. కొత్త గౌను వేసుకుని వరండాలో కూర్చున్నాను. బాగానే వాయించారు. ట్రంపెట్ ఎత్తుకోవాల్సిన చోట ఒకసారి ఖాళీ వచ్చింది. పక్కవాడు సర్దుకున్నాడు. అందరూ నా మొహం చూశారు. నేను నా చేతులు చూసుకున్నాను.

మార్చి 16, సాయంత్రం

వచ్చినవాళ్ళందరూ వెళ్ళారు, ఇప్పుడు రాస్తాను.

పాస్టరు గారు ప్రార్థన చేస్తుండగా వాళ్ళిద్దరూ లోపలికి వచ్చారు. నేను కళ్ళు తెరిచే ఉన్నాను, పొయ్యి మీద వేరుసెనగ సూపు ఉంది కదా. అప్పుడు చూశాను. ఇద్దరి ఒంటి మీదా ఒకే గుడ్డ. నీలం మీద పసుపు పువ్వులు. కుట్టించింది నేనే. ఇంటి పిల్లలు కదా, ఒకే తానులోంచి కుట్టు అన్నాను దర్జీతో. దేవుడి సాక్షిగా అంతకు మించి ఆలోచించలేదు. బ్యాండుకు కాఫీ సరిపోతుందా, కుర్చీలు విరుగుతాయా, ఇవే ఆలోచించాను.

మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు వేడుకకు ఒకే గుడ్డలో వస్తే దాని అర్థం ఏమిటో నా వయసు వాళ్ళందరికీ తెలుసు. పెద్దమ్మ, జోసెఫీన్ ప్రతి ఈస్టరుకూ అలాగే వచ్చేవారు. వీధికంతటికీ చెప్పడానికే వచ్చేవారు.

కుర్రవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. ముసలమ్మల విసనకర్రలు ఆగిపోయాయి. ఆమెన్ ఇంకా పూర్తికాలేదు, వోనీ అందుకుంది. ఈ సంగతి చూసి ఎన్నాళ్ళయిందే యూజెనీ, మన కాలం మళ్ళీ కుట్టించావా అంది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. సుమార్ని పాపం గౌను అంచు చూసుకుంది, ఏదైనా అంటిందేమోనని.

ఎమిల్ పళ్ళెం కింద పెట్టి వరండాలోకి వెళ్ళిపోయాడు. నేను కర్ర పట్టుకుని వెనకే వెళ్ళాను.

నన్ను నలుగురిలో నిలబెట్టడానికేనా ఇదంతా అన్నాడు. కాదు, దర్జీకి సరిగా చెప్పలేదు అన్నాను. నిజమే, కానీ నా చెవికే అబద్ధంలా వినిపించింది. మా అమ్మ సంగతి నాకు తెలియదనుకున్నావా అన్నాడు. తెలియదని ఎవరన్నారు, ఒకే గిన్నెలో తిన్నాం కదా అన్నాను. అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. వాళ్ళు చర్చిని ఎప్పుడూ ఏమీ అడగలేదు యూజెనీ, అడగలేదు కాబట్టే వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు, వీళ్ళు అడిగారు, అడిగితే మేం ఏదో ఒకటి చెప్పి తీరాలి కదా అన్నాడు.

నాకు వాదించడం రాదు. బస్సులో టికెట్ తప్పిచ్చినా ఊరుకుంటాను. కానీ ఇది వచ్చింది.

అడగలేదు, నిజమే అన్నాను. అడగనందుకే మీ అమ్మను సాగనంపిన రోజు పెద్దమ్మ చివరి బెంచీలో కూర్చుంది, పాలవాడి పక్కన. ముందు నువ్వు కూర్చున్నావు, మీ అత్తలు కూర్చున్నారు, ఏళ్ళ తరబడి మొహం చూపించని మీ నాన్న కూర్చున్నాడు. మీ అమ్మ మంచం పట్టినప్పటి నుంచీ దుప్పట్లు ఉతికిన మనిషి వెనక కూర్చుంది. కుటుంబానికి ఓదార్పు కలగాలని ప్రార్థన చేశారు. పెద్దమ్మ ఆమెన్ అంది, పక్కింటావిడ అన్నట్టు అంది. రేపు ఈ ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయితే రెండో పిల్లను ఏ బెంచీలో కూర్చోబెడతారు ఎమిల్, అది చెప్పు. పెళ్ళి గురించి వాక్యంలో ఏముందో నీకు నాకంటే బాగా తెలుసు. నేను అడుగుతున్నది కూర్చునే చోటు గురించి. వాళ్ళకు దీవెన ఇవ్వండి. అది ఈ రోజు మీ చేతిలో లేకపోతే ముందు వాళ్ళ గుమ్మం ఎక్కండి.

ఎమిల్ టోపీ పెట్టుకున్నాడు. కేకు తినకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 17

ఎందుకన్నాను. చనిపోయిన తల్లి మాట ఎత్తాను. అతనికి గుండె జబ్బు కూడా ఉంది. ఏమైనా అయితే.

మార్చి 18

ఏమీ కాలేదట. బజారులో చేపలు బేరమాడుతుంటే వోనీ చూసిందట.

మార్చి 21

సుమార్ని వచ్చి బీపీ చూసింది. నూట డెబ్బై. ఓమా, రాయడం మానేశావా అని అడిగింది. రాస్తూనే ఉన్నాను, అందుకే పెరిగింది అన్నాను.

సోతో తెచ్చింది, వాళ్ళింటి కోడి సూపు. తింటుంటే జోసెఫీన్ ఎవరని అడిగింది. షెరిడాకు కూడా నేను సరిగా చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరూ అనుకోలేదు, ఇంట్లో కిటికీ ఉందని ఎవరు చెప్పుకుంటారు.

చెప్పాను. జోసెఫీన్ చేపలు వేయిస్తూ పాడేదని, నూనె చిటపట ఎక్కువైతే గొంతు పెంచేదని. పోట్లాడుకుంటే పెద్దమ్మ మాట్లాడేది కాదని, జోసెఫీన్ వచ్చి మా ఎదురింటి మెట్ల మీద కూర్చుని, మీ ఇంట్లో ఒకామెకు నోరు పోయిందట, డాక్టరును పిలవమంటారా అని వీధి వినేలా అడిగేదని. పెద్దమ్మ కిటికీ మూసేదని, మూసి లోపల నవ్వేదని. జోసెఫీన్ పుట్టినరోజుకు పెద్దమ్మ పళ్ళెంలో పువ్వులు పెట్టి, తల మీద పెట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి ఆవిడ ఇంటికి నడిచి వెళ్ళేదని. దగ్గర దారి ఉన్నా ఆ దారిన వెళ్ళేది కాదు.

సుమార్ని చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది. నువ్వప్పుడు ఏమనుకునేదానివి ఓమా అంది. జోసెఫీన్ ఇంటికి వెళ్తే ఏం తిండి దొరుకుతుందా అనుకునేదాన్ని అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ వీధిలో ఇప్పుడు మొబైల్ షాపు ఉంది.

మార్చి 30, ఆదివారం

ఎమిల్ ఈ రోజు పెద్దల బెంచీలో కూర్చోలేదు. ఆరాధన మొదలయ్యాక వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. పాస్టరు గారు చూశారు, ముందుకు రమ్మని చెయ్యి చూపించారు. ఎమిల్ తల అడ్డంగా ఊపాడు. ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

కళ్ళు మళ్ళీ పాడయ్యాయేమో, తలుపు దగ్గర వెలుతురు బాగుంటుందని కూర్చున్నాడేమో అని వోనీ నా చెవిలో అంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలనిపించి మెడ నొప్పి పుట్టింది.

ఏప్రిల్ 3

నిన్న పెద్దల సభ. చర్చిలో పువ్వులు సర్దే వంతు వోనీది కాబట్టి పక్కగదిలోనే ఉంది. పువ్వులు సర్దడానికి ఎప్పుడూ అంతసేపు పట్టలేదు.

దీవెన సంగతి పాస్టరు గారే ఎత్తారట. అన్ని సంఘాల మహాసభకు మన సంఘం తరఫున రాద్దాం, ఇవ్వాలనే రాద్దాం, సంతకం ముందు నాది అన్నారట. కొందరు పెద్దలు అరిచారట, ఒకాయన లేచి బయటికి వెళ్ళి వాన చూసి మళ్ళీ లోపలికి వచ్చాడట.  చివరికి ఎమిల్, మహాసభ ఎప్పుడు తేలుస్తుందో నాకు తెలియదు, నేను ఎటు చెయ్యెత్తుతానో కూడా నాకింకా తెలియదు, కానీ ఒకరింటికి వెళ్ళి కూర్చోవడానికి ఓటు ఎందుకు అన్నాడట. అంతే అన్నాడట. సరిగా విన్నావా అని వోనీని నాలుగుసార్లు అడిగాను. నా చెవులకు ఆపరేషన్ కాలేదు అంది.

షెరిడాకు చెప్పలేదు. అబద్ధమైతే.

ఏప్రిల్ 6, ఆదివారం

ఎమిల్ ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడగలేదు. షెరిడా, సుమార్నిల ఇంటికి, అన్నాడు. రెండు పేర్లూ అన్నాడు. తను, పాస్టరు గారు వెళ్తారట. శనివారం, ఏప్రిల్ 12, సాయంత్రం ఐదు గంటలకు.