ఎనిమిదో భాగానికి వెళ్ళకు

కాలిఫోర్నియా,
1955 అక్టోబరు

అమ్మకు ఓరిన్ వ్రాయునది. ఇక్కడ నేనూ, నీ కోడలు లుడీన్ కులాసా. అక్కడ చలికి నీ మోకాళ్ళు మొరాయించడం లేదని తలుస్తాను.

నువ్వడిగిన వాటికి ముందు జవాబు చెబుతాను. నా నడుం నొప్పి తగ్గింది. లుడీన్‌కి ఇంకా విశేషమేమీ లేదు, ఉంటే మొదట నీకే రాస్తాం. అవును, టెలివిజన్ వచ్చాక, హాళ్ళలో వారానికో భాగం వేసే మా గుర్రాల సీరియళ్ళ పని అయిపోయినట్టే. ఇదే ఆఖరిదంటున్నారు. పోతే పోనీ, నాకు జాలి కూడా లేదు.

ప్రతి శనివారం మన ఊరి సినిమా హాలుకు వెళ్తున్నానని, హీరో బదులు దూకేది మా ఓరినేనని పక్కవాళ్ళకు చెప్పుకుంటున్నానని రాశావు. అది చదివాక నాకు అన్నం సయించలేదు. ఎనిమిదో భాగానికి మాత్రం వెళ్ళకమ్మా. ఎందుకో చెబుతాను, గుండె చిక్కబట్టుకుని చదువు.

మా కంపెనీవాళ్ళు బండి బోల్తాలు, మంటలు కొత్తగా తీయరు. పాత సీరియళ్ళలోంచి కత్తిరించి అతికిస్తారు. అతుకు తెలియకుండా మాకు ఆ పాత బట్టల్లాంటివే వేస్తారు. ఈసారి నాకు భుజాల మీద నల్లగుడ్డ కుట్టిన చొక్కా ఇచ్చారు. బండికి ఒక తెల్లగుర్రం, ఒక మచ్చల గుర్రం కావాలని ఊరంతా గాలించారు. నేను వెర్రివాడిలా ఆ చొక్కా తొడుక్కుని బండి తోలాను. ఎవరి చొక్కాకు జతో అడగనైనా లేదు.

సాయంత్రం అతికించింది తెర మీద చూపించారు. బండి కొండ అంచు దాటింది. తోలేవాడు గాల్లో కూడా ఎడమచేత్తో టోపీ అదిమి పట్టుకున్నాడు. అమ్మా, అలా పట్టుకునేది ఇంకెవరు, మన చిన్నాడు, లీలండ్. వాడు ఆ బండితో పడి పోయినప్పుడు నేను నౌకాదళంలో ఉన్నాను, కళ్ళారా చూడలేదు. ఆ ఫిల్ము తగలబెట్టేస్తామని శవపేటిక పక్కన నిలబడి నీకు మాటిచ్చినవాళ్ళే ఇన్నేళ్ళూ దాచుకున్నారు. సిగ్గూ శరం ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది?

ఒళ్ళు మండి నిర్మాత హాస్కెట్‌ను నిలదీశాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టకుండానే, "మొహం కనబడదు కదయ్యా. ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు.

"మా అమ్మకు తెలుస్తుంది."

"ఆ వారం ఇంట్లో ఉండమను. అంత బాగా పడ్డవాడు మాకు మళ్ళీ దొరకలేదు."

బాగా పడ్డాడట! ఆయన చొక్కా పట్టుకున్నాను. నలుగురు వచ్చి విడదీశారు. తర్వాత బతిమాలాను కూడా. తీసేస్తారేమోనన్న ఆశతోనే నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. మన ఊరికన్నా ముందే నిన్న ఇక్కడి హాల్లో ఎనిమిదో భాగం వేస్తే వెళ్ళి చూశాను. అలాగే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. పై వారం భాగం ఎలా మొదలవుతుందో నీకు తెలుసుగా, పడిపోయాడనుకున్నవాడు అంతకుముందే దూకేసినట్టు చూపిస్తారు. గొడవైన మర్నాడే అలా దూకడానికి నన్ను రమ్మన్నారు. వాళ్ళ మొహాన ఉమ్మేసి రమ్మంది లుడీన్. నేను వెళ్ళాను. ఆ కొండ మీదే, ఆ చొక్కాతోనే. వాళ్ళకు భయపడి కాదు. అంచు రాకముందే ఒక్కసారైనా ఎవరో ఒకరు దూకాలనిపించింది. దూకి గడ్డిలో పడి ఏడ్చాను. కెమెరా ఆపేశారని కూడా తెలియలేదు.

వాళ్ళ మీద నా కోపం చల్లారలేదు, చల్లారదు. కానీ తొమ్మిదో భాగానికి వెళ్ళమ్మా. అందులో వాడు లేచి, దుమ్ము దులుపుకుని, నడిచి వస్తాడు.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు
ఓరిన్