మాస్టారికి రౌడీ గొంతు

మంగళవారం, రాత్రి.

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్ నుంచి వచ్చి ఇంతసేపైనా ఒళ్ళు మండుతూనే ఉంది. అమెరికా సినిమా. నల్లజాతి స్కూలు మాస్టారు కూతురితో ఇంటికి వెళుతుంటే, దొంగ అనుకుని పోలీసులు కారు ఆపుతారు. అతడు వణికిపోతూ అనే మాటకు నేను రాసిన తెలుగు: "చేతులు పైకే ఉన్నాయండీ. వెనక సీట్లో మా పాప ఉంది."

డబ్బింగ్ ఆర్టిస్టు దాన్ని బొంగురు గొంతుతో, పళ్ళు కొరుకుతూ చెప్పాడు. బతిమాలే మాట బెదిరింపు అయిపోయింది. ఆ తెల్ల పోలీసుకేమో హీరో గొంతు!

"మాస్టారికి రౌడీ గొంతేంటయ్యా?"

"డైరెక్టర్ సార్ గట్లనే చెప్పమన్నడు సార్."

ఆ డబ్బింగ్ డైరెక్టరు శేషు, నా దగ్గర పని నేర్చుకున్నవాడే, నవ్వాడు. "నల్లోళ్ళకి ఎప్పుడూ ఇదే వాయిస్ కదా గురువుగారూ. జనానికి అలవాటైపోయింది. మీరు టీ తాగండి."

అలవాటట! ఆ పోలీసు తుపాకీ తీసిందీ అలవాటు కొద్దీనే. ఇన్ని పుస్తకాలు చదివి, ఆ శేషు వెధవకి ఈ ఒక్క ముక్క ఎక్కించలేక...

"నా పేరు తీసెయ్" అన్నాను.

"డబ్బింగ్ సినిమాకి రచయిత పేరు ఎవరు చూస్తారండీ?"

రేపు డబ్బింగ్ మాస్టారు చనిపోయే సీనుకి. ఈ గొంతు విన్నాక మనవాళ్ళలో ఒక్కడూ ఏడవడు.